పులసకు వచ్చిన ముగ్గురు మంత్రులు

మా ముత్తవ్వ దీపం పెట్టాక ఈ కథ చెప్పేది.

ఏరు సముద్రంలో కలిసే చోట మూడు రాజ్యాల పొలిమేరలు కలిసేవట. వరదనీరు ఎర్రగా ఉన్నన్నాళ్ళే పులస చేప ఏటికి ఎదురెక్కుతుంది. నీరు తేరిందంటే మళ్ళీ ఏడాదికే. ఎవరి వలలు ఎక్కడ పడాలో తేల్చడానికి ముగ్గురు మంత్రులు వచ్చి, తీర్పు వచ్చేదాకా ఎవ్వరూ వల తడపకూడదన్నారు. సభ మాత్రం రోజూ రేపటికి వాయిదా పడేది. ఒడ్డునున్న జాలరిపల్లెలో పొయ్యిలు ఆరిపోయాయి. నీటి ఎరుపు పలచబడుతుంటే తల్లుల గుండెలు జారిపోయేవి.

ఒకనాడు మంత్రులకు పులస మీద మనసైంది. పులుసు పెట్టమని సింహాద్రమ్మ అనే జాలరి ఆడమనిషిని పిలిపించారు. ఆమె గంగమ్మకు దణ్ణం పెట్టుకుని వడ్డించింది. విస్తళ్ళలో అన్నం, ఉత్త చింతపండు పులుసు.

"చేప ఏదే?" అన్నాడు పెద్దమంత్రి.

"ఏట్లో ఉంది బాబూ."

"మాకోసం ఒక్క వల వేయించలేకపోయావా?"

"సెలవిస్తే ఇప్పుడే వేయిస్తాను బాబూ. ఏ రాజ్యం వల వేయమంటారు?"

పెద్దమంత్రి "మాదే" అనబోయేసరికి మిగతా ఇద్దరూ విస్తళ్ళ ముందునుంచి లేచారు. పక్కవాడి వల పడనిస్తే ఏరు వాడిదని ఒప్పుకున్నట్టే. అలాగని ఆకలి ఆగదు కదా.

అన్నం చల్లారకముందే తీర్పు తేలింది. ఎవరి ఒడ్డున వాళ్ళు, నడి ఏట్లో అందరూ.

"ఇప్పుడైనా పులస పెడతావా?" అన్నాడు పెద్దమంత్రి నీరసంగా.

"పెడతాను బాబూ, మా పిల్లలు తిన్నాక."