గంట కింద విందు

రేవులో ఓడలకు దారి చెప్పే కంచుగంట ఇనుప గొలుసుకు వేలాడేది. "ఉప్పుగాలికి గొలుసు తుప్పుపట్టి లోపల గుల్లైపోయింది, మార్చండి" అని కమ్మరి పైడమ్మ మొత్తుకుంది. రేవు అధికారి భూపతి వినలేదు. తుప్పు మీద నల్లరంగు పూయించి, రేవు చూడవచ్చిన రాజు ముందు ఆమెనే నిలబెట్టాడు.

"ఈ గొలుసు వందేళ్లైనా తెగదు ప్రభూ! జనాన్ని భయపెడుతున్న ఈమెను ఊళ్లోంచి వెళ్లగొట్టండి."

"వెళ్తాను మహారాజా," అంది పైడమ్మ. "పోయేముందు అధికారిగారికి చేపల పులుసుతో అన్నం పెడతాను. గంట కింద పీట వేయించండి."

రాజు వేయించాడు. భూపతి తలెత్తి గంటను చూశాడు. రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఇవాళ నాకు ఏకాదశి ఉపవాసం ప్రభూ!"

"ఏకాదశి నిన్ననే వెళ్లిందయ్యా!" అంటూ రాజు పకపకా నవ్వాడు. కొత్త గొలుసు పని పైడమ్మకే అప్పగించాడు. పులుసు మాత్రం తానే, గంటకు బాగా దూరంగా కూర్చుని, లొట్టలేసుకుంటూ తిన్నాడు.