వావిలమ్మకు పొగ హారతి

పూర్వం మొగలేటి తీరాన్ని గుండభూపాలుడు ధర్మం తప్పక పాలిస్తున్న కాలంలో, బుట్టలల్లే నాంచారి బరికెలు కోసుకునే వావిలి పొదలో అమ్మవారు శిలారూపంలో వెలసింది. నాంచారి పగలంతా బరికెల ఆకు దూసేది, సందెవేళ ఆ ఆకునే నిప్పుల మీద వేసి, ఆ పొగలోనే తల్లికి దండం పెట్టుకునేది.

సంగతి తెలిసిన రాజు సంతోషించి గుడి కట్టించాడు. ప్రతిష్ఠకు వచ్చిన విశ్వపతి సోమయాజి మహాపండితుడు, అంతకుమించిన మడిమనిషి. ఆకుచెత్త, పొగ అపవిత్రమని బుట్టలవాళ్ల కుంపట్లన్నీ ఏటి అవతలికి పంపించేశాడు. సూర్యాస్తమయం నుంచి జాము సేపు ప్రతిష్ఠామంత్రం ఆగకుండా సాగాలి, మూడు సాయంత్రాల్లో ఒక్కనాడూ అలా పూర్తికాకపోతే అమ్మను కోటలోకి తరలించాలని రాజాజ్ఞ అయింది. కోట గడప నాంచారిని ఎవరు తొక్కనిస్తారు?

పొగ లేక ముసిరిన ఏటి దోమలే మొదటి రెండు సాయంత్రాలూ గెలిచాయి, మంత్రం మధ్యలోనే ఆగిపోయింది. మూడోనాడు సోమయాజి మంత్రం విడవకుండానే ఎడాపెడా చెంపలు వాయించుకుంటుంటే, అదీ విధిలో భాగమే కాబోలని జనమంతా భక్తితో లెంపలేసుకున్నారు, వాళ్లతోపాటు రాజూను. దోమలు నోట్లోకే దూరడంతో పండితుడి గొంతు తడబడింది. ఏటి అవతలినుంచి అది విన్న నాంచారి, అమ్మ ఇక ఇక్కడ నిలవదనుకుని, పెంకులో నిప్పులు, ఒడిలో వావిలాకు వేసుకుని ఏరు దాటి వచ్చేసింది.

“ఆ చెత్తతో ఎక్కడికే?” అన్నాడు భటుడు.

“నెయ్యీ గంధమూ అమ్మకు, ఈ పొగ దోమలకు. ఎవరి నైవేద్యం వాళ్లకు పెట్టొద్దా అన్నా?”

వాచిన చెంప తడుముకుంటూ రాజు “రానివ్వండి” అన్నాడు.

ఘాటైన పొగ మండపమంతా కమ్ముకుంది, దోమల మూక ఏటి మీదుగా ఎటో పోయింది, సోమయాజి కంఠం గంటలా మోగింది. మంత్రం ముగిసింది, అమ్మ అక్కడే నిలిచింది. అప్పుడాయన లేచి నాంచారి ఎదుటికి వచ్చి మళ్లీ చెంపలు వేసుకున్నాడు.

“ఇంకా దోమలున్నాయా సామీ?” అంది నాంచారి నవ్వుతూ.

“లేవు తల్లీ. ఇవి నీకు.”

నాటినుంచి ఆ దేవి వావిలమ్మ అయింది. నేటికీ అక్కడ సందెవేళ కర్పూరం కంటే ముందు పెంకులో వావిలాకు పొగే లేస్తుంది. తొలి గుప్పెడు బుట్టలల్లే ఇంటి ఆడబిడ్డ వేస్తుంది, పూజారి ఆమె ఎదుట నిలబడి ముమ్మారు లెంపలేసుకుంటాడు. పిల్లలు పకపకా నవ్వుతారు, వాళ్లను అక్కడెవరూ కసురుకోరు.