నెమరుకొచ్చిన ఉలవలు

ఏటి మలుపు దగ్గర ఒక రైతు దొడ్డిలో బొల్లయ్య, పుల్లన్న అని రెండు ఎద్దులుండేవి. కాడికి ఎడమ పక్క బొల్లయ్య, కుడి పక్క పుల్లన్న. సాయంత్రపు ఎండ పసుపు రంగుకి తిరిగే వేళ కాడి దించేసినా సరే, నీళ్ల తొట్టి దాకా అలాగే ఒకరి పక్కన ఒకరు నడిచేవాళ్లు. మధ్యలో ఎవరైనా దూరితే ఇద్దరికీ అడుగు తడబడేది.

ఆ వేసవిలో పుల్లన్న కాలు బెణికి, వాచి, బక్కచిక్కిపోయాడు. ఏరువాక నాటికి కాడి కట్టించుకోలేకపోతే సంతకి తోలేస్తానని రైతు అనడం బొల్లయ్య చెవిన పడింది. బలానికి ఉలవలే మందు. కానీ వాపు తగ్గకముందే పెడితే వేడి చేస్తుందని ముసలి బర్రె చెప్పింది. అందుకని బొల్లయ్య తన దాణాలోంచి రోజూ ఒక పుక్కిటెడు ఉలవలు మిగిల్చి, దొడ్డి పోస్టాఫీసులో దాచడం మొదలుపెట్టాడు.

పోస్టాఫీసంటే పాత రాతి గాదె. ఎలకలు దూరవు. పోస్టుమాస్టరు మాణిక్యం అనే మేకపోతు. అతన్నెందుకు వేశారంటే గడ్డం ఉంది కాబట్టి. దొడ్డిలో అంతకు మించిన అర్హత ఇంకెవరికీ కనపడలేదు. దాచుకున్నవాళ్లకి పాసుపుస్తకం కింద ఒక పనసాకు ఇచ్చి, దాని మీద గిట్టతో ముద్ర వేసేవాడు.

వాపు తగ్గింది. బొల్లయ్య ఉలవలు తీసుకుందామని వెళ్లాడు. మాణిక్యం పాసుపుస్తకం చూపించమని అడిగి, ఆకు అటు తిప్పి ఇటు తిప్పి చూసి, నమిలి మింగేశాడు. తర్వాత మూతి తుడుచుకున్నాడు.

"పాసుపుస్తకం లేనివాళ్లకి ఇక్కడ లెక్క ఉండదయ్యా."

"ఇప్పుడేగా తమరు తిన్నారు?"

"తిన్నానని రాసిచ్చిన కాగితం ఏదన్నా ఉందా?"

కంచే చేను మేస్తే ఇంకెవరితో చెప్పుకుంటాం. దిగుడుబావి తాబేలు ఆ దొడ్డికంతా జడ్జి. ఫిర్యాదు విని, బాగా ఆలోచించి, గాదె తనిఖీ చేయడానికి స్వయంగా మెట్లెక్కడం మొదలుపెట్టాడు. ఆ కబురు మాణిక్యానికి వెంటనే అందింది. జడ్జిగారు అందడానికి మాత్రం తెల్లారింది. అప్పటిదాకా రోజూ కాసిని ఉలవలు రుచి చూసుకుంటూ వచ్చిన మేకపోతు, గాదెలో ఒక్క గింజ కనపడకూడదని మిగిలిందంతా నమలకుండా మింగేశాడు.

తాబేలు వచ్చేసరికి గాదె అద్దంలా ఉంది. దాని ముందే కోర్టు పెట్టారు. అందరూ ఎదురుగానే నిలబడి ఉన్నా, బంట్రోతు కోడిపుంజు ఒక్కొక్కరి పేరూ మూడేసి సార్లు పిలిచాడు.

మాణిక్యం తరఫున ప్లీడరు నక్క లేచింది. పాసుపుస్తకం లేదు, సాక్షి లేడు, గింజ లేదు, ఇంక కేసెక్కడుందని అడిగింది. ఎండదెబ్బ తగిలిన ఎద్దులకి కలలో ఉలవలు రావడం మామూలేనంది. బర్రెలు నవ్వాయి. పుల్లన్న కుంటుకుంటూ వచ్చి పక్కన చేరాడు.

"పోనీలేరా బొల్లా. సంతయినా ఊరే కదా. పద."

బొల్లయ్య కదల్లేదు. అతని చూపు మేకపోతు పొట్ట మీద ఉంది. ఏమైనా అడుగుతావా అన్నాడు తాబేలు.

"ఒక్కటే అడుగుతానండి. పోస్టుమాస్టరుగారూ, తమరెప్పుడైనా ఉలవలు రుచి చూశారా?"

"ఉలవ ఏ రంగులో ఉంటుందో కూడా నాకు తెలీదు. నాది ఆకుల భోజనం."

మేకపోతు గాంభీర్యం అంటారే, అది ఆ రోజు అందరూ కళ్లారా చూశారు.

"అంతేనండి. పాపం, ఆయన గొంతు ఆరిపోయినట్టుంది. ఒక బొక్కెనెడు నీళ్లు తాగనివ్వండి. నాకేం తొందర లేదు."

ఇంత అమాయకపు ఎదుటి పార్టీ ఎప్పుడూ తగల్లేదని నక్క మురిసిపోయి, బొక్కెన తనే ముందుకు తోసింది. దానికి చట్టాలన్నీ తెలుసు గాని, పచ్చి ఉలవల మీద నీళ్లు పడితే కడుపులో ఏమవుతుందో తెలీదు. అది నెమరువేసే వాళ్లకే తెలుస్తుంది. మాణిక్యానికీ తెలుసు. కానీ దాహం ఊరుకోదు కదా, బొక్కెన అడుగు కనపడేదాకా తాగాడు.

బొల్లయ్య కాళ్లు మడిచి నీడలో పడుకున్నాడు. కళ్లు సగం మూసి నెమరువేయడం మొదలుపెట్టాడు, ఏటి అవతల ఎవరో పాడుతున్న పాట వింటున్నట్టు, తీరిగ్గా. అతన్ని చూసి బర్రె, బర్రెను చూసి దూడ, దూడను చూసి గొర్రెలు. నెమరు కూడా ఆవలింతలాంటిదే. దొడ్డి మొత్తం దవడలాడిస్తోంది. తాబేలుకి తీర్పు తొందర ఎప్పుడూ లేదు. మెడ లోపలికి లాక్కుని ఆలోచిస్తున్నాడు.

మాణిక్యం పొట్ట డోలులా బిగిసింది. పళ్లు బిగబట్టాడు. గడ్డం వణికింది. పెరట్లో చిన్న పనుంది, వెళ్లొస్తానన్నాడు. తీర్పయ్యేదాకా కదలకూడదని కోడిపుంజు అడ్డం నిలబడ్డాడు. చివరికి గొంతులోకి ఒక ముద్ద ఎక్కింది, దవడ తనంతట తానే కదిలింది. నానిన ఉలవల వాసన గుప్పుమంది. పెదవి చివరి నుంచి ఒక గింజ జారి, తాబేలు చిప్ప మీద టక్కున పడింది.

తాబేలు మెడ బయటపెట్టి గింజను చూశాడు, మేకపోతును చూశాడు.

"ఉలవ ఏ రంగులో ఉంటుందో ఇప్పుడు తెలిసిందా నాయనా?"

నక్కకి పక్క ఊళ్లో ఇంకో కేసున్న సంగతి గుర్తొచ్చింది.

తాబేలు తీర్పు చెప్పాడు. తిన్నది తిరిగి రావడం కళ్లారా చూశాం గాని, అది ఇక ఎవరికీ పనికిరాదు. కాబట్టి మాణిక్యానికి వచ్చే తెలగపిండి అంతా ఏరువాక దాకా పుల్లన్న తొట్టిలో పడాలి. మాణిక్యమే వీపు మీద మోసుకెళ్లి పెట్టాలి. మోసేటప్పుడు మూతికి చిక్కం తప్పనిసరి.

తొలకరి పడ్డ మర్నాడు కాడి ఎత్తారు. ఎడమ పక్క బొల్లయ్య, కుడి పక్క పుల్లన్న. పుల్లన్నకి కాస్త కుంటు మిగిలింది. బొల్లయ్య కూడా ఆ మేరకు అడుగు తగ్గించుకున్నాడు. చాలు వంకర పోలేదు. గట్టు మీద మేకపోతు మూతికి చిక్కంతో చూస్తూ నిలబడ్డాడు.

పోస్టాఫీసుకి ఈసారి ఉలవలు ముట్టని వాళ్లే ఉండాలని పిల్లిని వేశారు. అప్పటినుంచి పాలు దాచుకునేవాళ్లెవరూ అటు రావడం లేదు.

నమ్మి దాచుకున్నవాడి సొమ్ము నమలకుండా మింగినా, నెమరుకొచ్చే వేళ ఒకటుంటుంది.