ముగ్గు లేని గుమ్మం

అనగనగా ఒక పట్నం. పట్నం నడుమ ఒక కంపెనీ. గాలి వచ్చే వైపు ఆఫీసర్ల మేడలు, గాలి పోయే వైపు కూలీల పాకలు. ఎవరు ఎటు ఉండాలో దేవుడు రాయలేదు లెండి, కంపెనీ వాళ్లే తేల్చారు.

గాలి పోయే వైపు చివరి పాకలో అసిరమ్మ అనే ముసలామె ఉండేది. మేడల ముందు రోడ్లు ఊడ్చి బతికేది. ఆమెకు ఉన్నదల్లా రత్నం అనే మనవరాలు.

ఒకనాడు కంపెనీ లారీలు వచ్చి పాకల పక్కన తెల్లటి బూడిద పోసి పోయాయి. మర్నాడూ పోశాయి. మూడోనాటికి అది గుట్టయింది. మెత్తగా, తెల్లగా, పిండిలా ఉంది. ముగ్గుపిండి కొనే బాధ తప్పిందని ఆడవాళ్లు సంబరపడ్డారు. గిన్నెలతో తెచ్చుకుని వాకిలి నిండా ముగ్గులు పెట్టారు. అందరికంటే పెద్ద ముగ్గు అసిరమ్మదే. రత్నం ఆ ముగ్గు పక్కనే కూర్చుని ఆడుకునేది.

ముందు అసిరమ్మ వేళ్లు పగిలాయి. తర్వాత కోళ్లు చచ్చాయి. ఆ తర్వాత రత్నానికి దగ్గు పట్టుకుంది. ఊపిరి తీసినప్పుడల్లా పిల్ల డొక్కలు ఎగరేసేది.

ఒక పొద్దున అసిరమ్మ వాకిలి ఊడ్చింది. కళ్లాపి చల్లింది. ముగ్గు మాత్రం పెట్టలేదు.

చావు జరిగిన ఇంటి ముందే కదా ముగ్గు ఉండనిది. పక్కింటి గవరమ్మ గాభరాగా వచ్చింది.

“ఏటత్తా, ముగ్గెట్టనేదు? ఎవులు పోనారు?”

“ఇంకా ఎవులూ పోనేదు. పోయేదాకా ఉండమంటావేటి? ఆ బూడిద మంచిది కాదే. నా సేత్తో నానే తెచ్చి పిల్ల కాడ పోసినాను.”

ఆ మాట అంటూ అసిరమ్మ ఏడ్చింది. గవరమ్మ ఇంటికి వెళ్లి తన పిల్లల వంక చూసుకుంది. మర్నాడు ఆమె గుమ్మంలోనూ ముగ్గు లేదు. నాలుగు రోజులకు వీధిలో ఎక్కడా లేదు.

పట్నంలో మాట పాకింది, పాకల్లో ఇంటింటా చావేనని. పనివాళ్లు కంపెనీకి రావడానికి భయపడ్డారు. కంపెనీకి తలనొప్పయింది. లారీలు వచ్చి గుట్టను ఎత్తుకుపోయాయి.

ఎక్కడికి? కాలువ అవతలి పాకల పక్కకి. అక్కడి ఆడవాళ్లూ గిన్నెలు పట్టుకుని వచ్చారు.

అసిరమ్మ నడుం పట్టుకుని లేచింది. కొంగు బిగించింది. నడిచింది. ఇంటింటికీ చెప్పింది. అక్కడా ముగ్గులు ఆగిపోయాయి. గుట్ట మళ్లీ కదిలింది, ఈసారి రైలుకట్ట కిందకి.

“మన కాడ నేదు కదా మామ్మా, ఇంకెందుకు నీకు?” అంది రత్నం దగ్గుతూ.

“నాకూ ఓపిక నేదే తల్లీ. అక్కడా నీలాటి పిల్లలుంటారు. ఎవులో ఒకలు సెప్పాల కదా.”

అసిరమ్మ నడుం పట్టుకుని లేచింది. కొంగు బిగించింది. నడిచింది.

రైలుకట్ట కింద ఆఖరి ఇంట్లో కూడా చెప్పింది. కాసిని మంచినీళ్లు అడిగింది. తాగి, ఆ ఇంటి గోడకే చేరగిలబడి కన్నుమూసింది.

ఆ మర్నాడు మూడు చోట్లా ఒక్క గుమ్మంలోనూ ముగ్గు పడలేదు. అది బూడిదకు భయపడి కాదు. అసిరమ్మ మైల ఊరంతా పట్టింది.

రత్నం బతికింది. దగ్గుతూనే పెద్దదయింది, దగ్గుతూనే పిల్లల్ని కంది. లారీలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. వాటికి అలుపు లేదు, మనకే ఉంది.

ముగ్గు లేని గుమ్మం చూస్తే ఏ ఊళ్లోనైనా ఎవరు పోయారని అడుగుతారు. గాలి పోయే వైపు మాత్రం ఈనాటికీ, లారీ ఎక్కడ ఆగిందని అడుగుతారు.