కుంచె ఆగిన చోట

విశ్వపతిగారికి ఒక అలవాటుండేది. శిష్యుడు ప్రశ్న అడిగితే జవాబు చెప్పకుండా, కండువా భుజాన వేసుకుని ఎటో బయల్దేరేవారు.

శిష్యుడు చిదంబరం సాలెవీధి బడికి కొత్తగా పంతులైనవాడు. ఆరుగురు ఆడపిల్లలు పొద్దుటి గంటకు రావడం మానేశారు. ఆ వేళ వీధి పెద్దలంతా ఒప్పుకున్నదే. పేర్లు కొట్టేద్దామని హాజరుపట్టీ తెరిచాడు గాని చెయ్యి రాలేదు. మొదటి పేరు వరహాలుది; లెక్కల్లో దాన్ని మించిన పిల్ల బడిలో లేదు. గురువుగారి దగ్గరికొస్తే, ఆ పిల్లల్నే అడిగి చూడమన్నారు.

"పిల్లల చదువు గురించి పిల్లల్ని అడగడమేమిటి గురువుగారూ? కూరలో ఉప్పెంత వెయ్యాలో ఉప్పునే అడిగినట్టుంటుంది."

ఆయన నవ్వారు. మర్నాడు తెల్లవారుతూనే అతన్ని సాలెవీధికి తీసుకెళ్ళారు.

వీధి పొడుగునా నిలువు పోగుల పడుగు చాచి ఉంది. ముసలి నేతగాడు చౌడయ్య గంజి పట్టించిన పోగుల మీద అవి విడివిడిగా ఆరేట్టు కుంచె లాగుతున్నాడు. ఎండెక్కితే పోగులు ఒకదానికొకటి అంటుకుపోతాయని అతని తొందర. పక్కనే మనవరాలు వరహాలు ఎక్కాలు గొణుక్కుంటూ, తెగిన పోగులు అతుకుతోంది. "ఆగు తాతా" అంటే చాలు, ముసలాయన కుంచె పైకెత్తి నిలబడతాడు. నాలుగడుగులు వేస్తాడు, మళ్ళీ ఆగుతాడు.

వీధి పెద్దల్లో ఒకడైన మనిషి ఇంత పిల్ల మాటకు ఆగడమేమిటని చిదంబరం అడిగాడు.

"పోగెక్కడ తెగిందో అతికే చేతికి తెలుస్తుంది బాబూ. నాకు తెలిసేసరికి చీరకు చిల్లు పడుతుంది" అన్నాడు చౌడయ్య.

 చిదంబరం వంగి, బడి ఎప్పుడు పెడితే రాగలవమ్మా అని వరహాల్ని అడిగాడు. చేతిలో ముడి వదలకుండానే చెప్పింది ఆ పిల్ల: పడుగు చుట్టేశాక గంట కొడితే ఆరుగురమూ వస్తామనీ, ఆ ఆలస్యానికి బదులు మధ్యాహ్నం ఇళ్ళకు పంపనక్కర్లేదనీ, అన్నం మూట కట్టుకొస్తామనీ.

"మరి పొద్దుటి గంటకు నువ్వే గదయ్యా తలూపావు?" అన్నాడు చిదంబరం ముసలాయనతో.

చౌడయ్య గంజిచేత్తోనే మీసం తుడుచుకున్నాడు. "పంతులుగారి ఎదుట కాదంటే ఏం బావుంటుంది బాబూ?"

పడుగు చుట్టడం చూసి ఇద్దరూ వెనక్కి మళ్ళారు. చిదంబరానికి గుండెల మీంచి బండ దించినట్టుంది. ఒక్క పేరూ కొట్టనక్కర్లేదు. అయినా ఒక సందేహం మిగిలింది.

"ఇలా ప్రతిదానికీ పిల్లల మాటకు ఆగుతూ పోతే పాఠాలెప్పటికవుతాయి గురువుగారూ?"

"చౌడయ్య ఎన్నిసార్లు ఆగాడో నేను లెక్కపెట్టలేదు నాయనా" అన్నారు విశ్వపతిగారు. "పడుగు మాత్రం ఎండెక్కక ముందే అయిపోయింది."