నాలుగు గులకరాళ్ళ ఫోటో

ఇప్పలకోన అడవిలో సింగారం అనే నెమలి, చురుకయ్య అనే ముంగిస, ఒళ్ళంతా పొలుసులున్న పొలుసమ్మ అనే అలుగు, బొంతయ్య అనే ఎలుగుబంటి ఉండేవాళ్ళు. నలుగురికీ ఫోటోల పిచ్చి. వాళ్ళు ఫోన్లకు చార్జింగ్ ఎక్కడ పెట్టుకునేవాళ్ళో మాత్రం నన్ను అడగకండి. ఎంత బతిమాలినా నాకూ చెప్పలేదు.

నెలకోసారి వాళ్ళు సరదాగా ఒక పోటీ పెట్టుకునేవాళ్ళు. ఒకే ఫోటో అందరికీ వస్తుంది. మూడు రోజుల్లో ఎవరికి తోచినట్టు వాళ్ళు దాన్ని ఎడిటింగ్ చేసుకుని రావాలి. గెలిచినవాళ్ళు వచ్చే నెల పోటీకి కొత్త ఫోటో ఇవ్వాలి, తీర్పు కూడా వాళ్ళే చెప్పాలి.

పోయిన నెల బొంతయ్య గెలిచాడు. నిజానికి అతను చేసిందేమీ లేదు. చూసుకోకుండా ఫోన్ మీద కూర్చున్నాడు. లేచేసరికి ఫోటోలో రంగులన్నీ పోయి నలుపు తెలుపు మిగిలాయి. "ఆహా, పాతకాలపు అందం!" అని అప్పటి న్యాయనిర్ణేత సింగారం తెగ మెచ్చుకున్నాడు.

కాబట్టి ఈ నెల ఫోటో బొంతయ్యే తీయాలి. అతనికి చూపు అంతంత మాత్రం. వాగు ఒడ్డుకు వెళ్ళి, ఫోన్ ముక్కుకు ఆనించుకుని, కాళ్ళ ముందున్న గులకరాళ్ళ నేలను ఫోటో తీశాడు. "గురువారం పొద్దున ఈ ఒడ్డు మీదే తీర్పు. అందరూ రండి" అని రాసి ఫోటో పంపించాడు. రాసింది పైకి చదువుకుంటూ మరీ పంపాడు.

పాపం, బొంతయ్యకు ఒక సంగతి తెలియదు. మీకు చెబుతాను, ఎవరితోనూ అనకండి. ఆ రాళ్ళ మధ్య తీతువు పిట్ట నాలుగు గుడ్లు పెట్టింది. తీతువు చెట్టు మీద గూడు కట్టదు, నేల మీదే గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లు అచ్చం గులకరాళ్ళలాగే ఉంటాయి.

పైన ఎగురుతూ అంతా చూసిన, విన్న తీతువమ్మ గుండె గుభేలుమంది. తన గుడ్లు అందరి ఫోన్లలోకీ వెళ్ళిపోయాయి! అందులోనూ గుడ్లంటే చెవి కోసుకునే చురుకయ్య ఫోన్‌లోకి! నోరు తెరిచి చెబితే ముంగిసకు తెలిసిపోతుంది. చెప్పకపోతే గురువారం ఎవరో ఒకరు వాటిని తొక్కేస్తారు. ఏం చేయాలో ఆ తల్లికి తోచలేదు.

ఫోటో చూసి సింగారం ముఖం చిట్లించాడు. "ఛీ, ఇంత మురికి నేలా!" అని రాళ్ళన్నీ తుడిచేశాడు. వాటి చోట పచ్చిక పరిచాడు. మూలల్లో పూలు కూడా పెట్టాడు. ఇక ఈసారి గెలుపు తనదే అనుకున్నాడు.

చురుకయ్య అంత కష్టం కూడా పడలేదు. ఒక ఎర్రటి ఫిల్టర్ వేసి, సాయంత్రం వెలుగులా ఉందని మురిసిపోయాడు. మళ్ళీ ఆ ఫోటో ముఖం చూడలేదు.

పొలుసమ్మ మాత్రం ఏదీ ముట్టుకోలేదు. చీమల కోసం నేలంతా వెతికే అలవాటు కదా, ఫోటోను పెద్దది చేసి ఒక్కో రాయినీ చూసింది. ఈ రాయి ఎక్కడి నుంచి దొర్లి వచ్చింది? దీని మీద ఈ గీత ఏమిటి? రెండో రోజు ఒకచోట ఆమె చూపు ఆగిపోయింది.

అక్కడ నాలుగు రాళ్ళున్నాయి. నాలుగూ ఒకే సైజు. నాలుగింటి మీదా ఒకే రకం మచ్చలు. నాలుగింటి సన్నటి కొసలూ లోపలి వైపే తిరిగి ఉన్నాయి.

"వాగులో కొట్టుకొచ్చిన రాళ్ళు ఇంత పద్ధతిగా కూర్చుంటాయా?" అనుకుంది పొలుసమ్మ. ఎంత ఆలోచించినా అంతు చిక్కలేదు. అక్కడ కాస్త వెలుగు పెంచి ఊరుకుంది.

గురువారం పొద్దున్నే అందరూ ఒడ్డుకు చేరారు. చూడ్డానికి కుందేళ్ళు, జింకలు కూడా వచ్చాయి. తీతువమ్మ దూరంగా వాలి, రెక్క విరిగినట్టు ఈడ్చుకుంటూ అరవసాగింది. చురుకయ్య ఆశగా అటు పరుగెత్తాడు. దగ్గరికి రాగానే ఆమె తుర్రుమని ఎగిరిపోయింది.

"పోటీ మధ్యలో ఈ గోలేమిటి?" అని సింగారం విసుక్కున్నాడు.

పొలుసమ్మకు మాత్రం ఆశ్చర్యం వేసింది. రెక్క విరిగితే ఎలా ఎగిరింది? మమ్మల్ని అటు ఎందుకు పిలుస్తోంది? అంటే ఇటు ఏదో దాస్తోంది. అప్పుడామెకు ఆ నాలుగు రాళ్ళు గుర్తొచ్చాయి. వెంటనే ఫోన్ కడుపు కింద దాచేసుకుంది.

బొంతయ్య గొంతు సవరించుకున్నాడు. "నాకు సరిగా కనపడదు కదా, అందుకే అందరినీ ఒకే ప్రశ్న అడుగుతాను. నేను పంపిన ఫోటోలో ఏముంది?"

"ఏముంది మామా, ఉత్త రాళ్ళు! తీసి పారేశాను. ఇప్పుడు చూడు, ఎంత పచ్చగా ఉందో!" అన్నాడు సింగారం.

"రాళ్ళే మామా. చూడ్డానికేమీ లేదు" అన్నాడు చురుకయ్య.

పొలుసమ్మ వంతు రాకముందే సింగారం పింఛం విప్పాడు. గెలిచేసినట్టే ఆడుతూ వెనక్కి వెనక్కి అడుగులు వేశాడు. సరిగ్గా ఆ నాలుగు రాళ్ళ వైపే! పైన తీతువమ్మ గొంతు చించుకుని అరిచింది.

పొలుసమ్మ ఒక్క ఉదుటున వెళ్ళి, ఆ రాళ్ళకు అడ్డంగా బంతిలా ముడుచుకుంది. సింగారం కాలు గట్టి పొలుసులకు తగిలింది. పింఛంతో సహా పక్కకు బోర్లా పడ్డాడు. కుందేళ్ళు పొట్ట పట్టుకుని నవ్వాయి.

"మరి నీ ఫోటోలో ఏముందమ్మా?" అని అడిగాడు బొంతయ్య.

"నీ చెవిలో చెబుతాను మామా" అంది పొలుసమ్మ.

ఆమె చెప్పింది విని బొంతయ్య ఆమె ఫోన్ అందుకుని ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాడు. చాలాసేపు చూశాడు. తర్వాత గట్టిగా దగ్గాడు. "ఎండ ఎక్కుతోంది. అందరూ వచ్చిన దారినే వెనక్కి నడిచి, ఇప్పచెట్టు కిందికి పదండి. తీర్పు అక్కడ!"

ఇప్పచెట్టు కింద అతను పొలుసమ్మ గెలిచిందన్నాడు.

"ఆమె ఫోటో మేమెవరమూ చూడనే లేదు! ఇదేం న్యాయం?" అని సింగారం మండిపడ్డాడు.

"కారణం ఉంది. ఇప్పుడు చెప్పను" అన్నాడు బొంతయ్య.

చూపు ఆననివాడి తీర్పు ఇలాగే ఉంటుందని కొందరు వెక్కిరించారు. బొంతయ్యకు చాలా బాధ కలిగింది. అయినా నోరు విప్పలేదు. పొలుసమ్మ కూడా విప్పలేదు.

రెండు నెలలు గడిచాయి. ఒక పొద్దున అందరూ కూర్చుని ఉండగా, తీతువమ్మ వెంట నాలుగు పిల్ల తీతువులు తల మీదుగా ఎగిరి వెళ్ళాయి.

"ఆనాటి నా ఫోటో ఇప్పుడు తీసి చూడండి. మధ్యలో ఉన్న నాలుగు రాళ్ళు చూడండి" అన్నాడు బొంతయ్య.

చురుకయ్య చూశాడు. "అయ్యో, ఇన్నాళ్ళూ నా చేతిలోనే ఉన్నాయా!" అని తల బాదుకున్నాడు.

సింగారం తను ఎడిటింగ్ చేసిన ఫోటో తీశాడు. పచ్చిక ఉంది. పూలున్నాయి. ఎంత వెతికినా ఆ నాలుగు మాత్రం లేవు.

"మామా, వీళ్ళను నేను తుడిచేశాను" అన్నాడు చిన్న గొంతుతో. "నిజంగానే తొక్కేసేవాణ్ణి కూడా."

ఆ నెల పోటీ ఫోటో వచ్చింది. సింగారం ఆ రోజంతా దాని మీద వేలు పెట్టలేదు. ఊరికే చూస్తూ కూర్చున్నాడు.

నీతి: దేన్నైనా మార్చే ముందు అందులో ఏముందో శ్రద్ధగా చూడాలి, చూసింది ఎవరికి చెప్పాలో, ఎవరికి చెప్పకూడదో కూడా తెలుసుకోవాలి.