కళ్ళకు పథ్యం

గెడ్డవలసలో ఉన్న తెలివంతా తమ ఇంట్లోనే ఉందని సన్యాసినాయుడి నమ్మకం. అది బయటికి పోతుందని పట్టపగలు కూడా కిటికీలు మూసి ఉంచేవాడు. తమ్ముడు గవర్రాజు ఇంకా జాగ్రత్తపరుడు. తల దువ్వుకుంటే తెలివి రాలిపోతుందని దువ్వెన ముట్టేవాడు కాదు. ఇంత తెలివైన ఇంటికి కోడలినయ్యానని సన్యాసినాయుడి భార్య పైడితల్లి మురిసిపోయేది.

అలాంటి ఇంట్లోకి ఒక ట్యాబు వచ్చింది. పలకలా ఉందని దాన్ని పలక అనే పిలిచేవారు. అందులో ఒక డిటెక్టివ్ నవల దొరికింది. జమీందారుని ఎవరు చంపారో తేలాలి. సన్యాసినాయుడు పైకి చదివేవాడు, మిగతా ఇద్దరూ వినేవారు. హంతకుడి పేరు మేమే చెబుతామని ఊరంతా చెప్పుకున్నారు కూడా. ఇంకేముంది, పొద్దస్తమానం చదివి చదివి సన్యాసినాయుడి కళ్ళు ఎర్రబడ్డాయి. నీళ్ళు కారాయి. అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. హంతకుడు దొరక్కముందే చూపు పోతుందేమోనని ముగ్గురికీ భయం పట్టుకుంది.

బొబ్బిలిలో కళ్ళ డాక్టరమ్మ చూసి, పెద్ద జబ్బేం కాదంది. చదివేటప్పుడు రెప్పలు కొడుతూ ఉండమంది. అక్షరాలు పెద్దవి చేసుకోమంది. మధ్యమధ్యలో చదవడం ఆపి దూరంగా ఉన్నవాటిని చూడమంది. రాత్రి పడుకోబోయే ముందు మాత్రం టాబ్లెట్ జోలికి వెళ్ళొద్దంది. బయట జనం బారులు తీరి ఉన్నారు, గబగబా చెప్పి పంపేసింది.

ఇంటికి రాగానే పథ్యం మొదలుపెట్టారు. ముందు రెప్పలు కొట్టాలి. చదివేవాడి చేతుల్లో పలక ఉంటుంది, తన రెప్పలు తానెలా కొట్టుకుంటాడు? ఆ పని గవర్రాజు తీసుకున్నాడు. అన్న ఒక వాక్యం చదవగానే విసనకర్రతో ఒక దెబ్బ. పెద్దవాణ్ణి కొడుతున్నందుకు ప్రతిసారీ ముందు దండం పెట్టుకుని మరీ కొట్టాడు. సాయంత్రానికి సన్యాసినాయుడి కళ్ళు బూరెల్లా పొంగాయి. వైద్యం పనిచేస్తోంది, కళ్ళు పెద్దవయ్యాయి, ఇక అక్షరాలే పెద్దవవాలి అంది పైడితల్లి.

అంతే. మర్నాడు గవర్రాజు తెర మీద వేళ్ళు పెట్టి అక్షరాల్ని సాగదీశాడు. ఇంకా, ఇంకా అని వదిన అంటూనే ఉంది. చివరికి తెరంతా ఒక్క అక్షరమే మిగిలింది. పొద్దున్న 'క' చదివి, చద్దన్నం తిని వచ్చేసరికి 'త్తె' కనబడింది. భోజనాలయ్యాక 'ర' బయటపడింది. కత్తెర అంటే ఇంకెవరు, జమీందారుని చంపింది టైలరే అని గవర్రాజు తేల్చేశాడు. వెంటనే వెళ్ళి, ఊళ్ళో టైలరుకి కుట్టమని ఇచ్చిన చొక్కా గుడ్డ వెనక్కి తెచ్చేసుకున్నాడు.

ఇక దూరంగా ఉన్నవాటిని చూడాలి. ఏది దూరం అని తర్జనభర్జన పడ్డారు. సాలూరులో నరసమ్మ ఉంది. పైడితల్లి మేనత్తకి తోడికోడలు. దారీ దూరమే, చుట్టరికమూ దూరమే. ముగ్గురూ బస్సెక్కి వెళ్ళి ఆవిడ ఎదురుగా వరసగా కూర్చుని చూడసాగారు. మంచినీళ్ళిచ్చి, ఏం పని మీద వచ్చారని అడిగిందావిడ.

"పనేం లేదండి. మిమ్మల్ని చూస్తే కళ్ళకి మంచిదని డాక్టరమ్మ చెప్పింది" అన్నాడు సన్యాసినాయుడు.

నరసమ్మ కాస్త సిగ్గుపడి, లోపలికెళ్ళి పట్టుచీర కట్టుకొచ్చింది. వాళ్ళు ఇంకాసేపు చూసి, ఇక చాలని లేచి వచ్చేశారు.

తిరుగుబస్సులో సన్యాసినాయుడికి కళ్ళు తిరిగాయి. పక్కనున్నాయన ఒళ్ళో పడిపోయాడు. తిన్నగా డాక్టరమ్మ దగ్గరికే మోసుకెళ్ళారు. చూస్తే బీపీ ఆకాశంలో ఉంది. రోజూ రాత్రి వేసుకునే బీపీ టాబ్లెట్ జోలికి ఆయన వెళ్ళడం లేదట. పడుకునేదాకా పలక చదువుతూనే ఉన్నాడట. మీరు వద్దన్నదేదీ చెయ్యలేదండి అని పైడితల్లి గర్వంగా చెప్పింది.

డాక్టరమ్మ కాసేపు తల పట్టుకుంది. ఆయన తెప్పరిల్లాక, ఈసారి కుర్చీ దగ్గరికి లాక్కుని నెమ్మదిగా చెప్పింది.

"మాత్ర రోజూ వేసుకోవాలి. పలక మాత్రం మీరు చదవొద్దు, దాన్నే చదవమనండి. చదివి వినిపించే ఏర్పాటు అందులోనే ఉంటుంది. ఇవిగో చుక్కలు. చదివే కళ్ళు ఎండిపోకూడదు, తడిగా ఉండాలి."

ముగ్గురూ ప్రతి మాటా గుర్తుపెట్టుకున్నారు. ఇంటికొచ్చి పలకని పీట మీద కూర్చోబెట్టారు. చదవమ్మా అని పైడితల్లి బతిమాలింది. అది నోరు విప్పలేదు. గవర్రాజు దాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తే, ముందొకటి, వెనకొకటి, నల్లగా మిరియపు గింజంత కళ్ళు దొరికాయి. వేలితో తడిమి చూశాడు.

"వదినా, పొడిగా ఉన్నాయి. చదివే కళ్ళు ఎండిపోకూడదంది కదా."

పైడితల్లి దాన్ని ఒళ్ళో పడుకోబెట్టుకుని ముందు కంట్లో చుక్కలు వేసింది. బోర్లా తిప్పి వెనక కంట్లోనూ వేసింది. గొంతు కూడా ఆరిపోయి ఉంటుందని, సీసాలో మిగిలిందంతా ఛార్జింగు పెట్టే కన్నంలో పోసింది. తెర ఒకసారి మిణుకుమంది. తర్వాత నల్లబడిపోయింది.

మందు తగిలింది, హాయిగా కళ్ళు మూసుకుందని సన్యాసినాయుడు గొంతు తగ్గించి చెప్పాడు. పైడితల్లి దుప్పటి తెచ్చి కప్పింది. గవర్రాజు మునివేళ్ళ మీద నడిచివెళ్ళి వీధి తలుపు వేశాడు. కుక్కరు ఈల వేస్తే పలక ఉలిక్కిపడి లేస్తుందని, అది లేచేదాకా ఆ ఇంట్లో అన్నం వండలేదు.